నాన్న షష్టిపూర్తికి బోటు మాట్లాడే ముందు రేవు చూసి రండి

ప్రశ్న: నమస్తే అండీ. మేము సిడ్నీలో స్కోఫీల్డ్స్ దగ్గర ఉంటాం. మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మార్చి మూడో శనివారం నాన్నగారి షష్టిపూర్తి. సిడ్నీ హార్బర్‌లో ఒక యాట్ మాట్లాడి, బంధుమిత్రులతో పడవ మీదే వేడుక చేద్దామని నా ఆలోచన. నాన్న రైల్వేలో పనిచేశారు, వంతెనలంటే ప్రాణం. పెద్దవాళ్ళం 38 మంది, పిల్లలు ఏడుగురు. 45 మంది పట్టే బోటు ఒకటి దొరికింది. గంటకు 900 డాలర్లు, కనీసం నాలుగు గంటలు తీసుకోవాలంటున్నారు. అమ్మకు కిందటేడు మోకాలి ఆపరేషన్ అయింది. పైగా కచ్చులూరు ప్రమాదం తర్వాత ఆవిడ గోదావరిలో కూడా పడవ ఎక్కలేదు. 'మీ ఇష్టం అమ్మా' అంటోంది కానీ మొహంలో భయం కనిపిస్తోంది. తమ్ముడేమో ఇంత డబ్బు ఎందుకు, ఫెర్రీ ఎక్కిస్తే చాలంటున్నాడు. ఈ వారంలో అడ్వాన్సు కట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా నాన్నగారికి, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. అడ్వాన్సు మాత్రం ఈ వారం కట్టకండి. ఆ బోటు మీకు సరిపోదు.

లెక్క చూడండి. మీరు 45 మంది, బోటు 45 మందికి. సరిగ్గా సరిపోయింది అనుకున్నారు. ఫొటోగ్రాఫర్‌ని లెక్కవేశారా? వడ్డించడానికి వచ్చే ఇద్దరిని? బోటు సర్టిఫికెట్ మీద రాసిన అంకెలో చిన్నపిల్లలు కూడా ఒక్కో మనిషి కిందే లెక్క. ఆ అంకె సిబ్బందితో కలిపా, ప్రయాణికులకు మాత్రమేనా అన్నది కూడా అడగాలి. రేవులో స్కిప్పర్, అంటే పడవ నడిపే ఆయన, తలలు లెక్కపెట్టి 'ఇద్దరు దిగాలి' అంటే దిగేది ఎవరు? ఆ రోజు మీ పిన్నినో, మామయ్యనో గట్టు మీద వదిలి వెళ్ళగలరా? కనీసం 55 మంది పట్టే బోటు చూడండి. అది మీ వాళ్ళందరూ వాలి కూర్చోవడానికి కూడా అవసరం. బోటు వాళ్ళు చెప్పే సంఖ్య ఎక్కువగా నిలబడే పార్టీలకు పనికొచ్చే సంఖ్య. మన ఇళ్ళ వేడుకల్లో సగం మంది కూర్చుంటారు.

ఇక అమ్మగారి భయం గురించి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ మాటే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం అవతల కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి పదుల మంది పోయారు. రాజమండ్రిలో ఉన్నవాళ్ళకు అది టీవీలో చూసిన వార్త కాదు, రోజుల తరబడి ఒడ్డున నిలబడి ఎదురుచూసిన కుటుంబాలు వాళ్ళ చుట్టూనే ఉన్నాయి. ఆ భయాన్ని 'ఇది ఆస్ట్రేలియా అమ్మా, ఏం కాదు' అని కొట్టిపారేయకండి. ఆవిడ అడిగే ప్రశ్నలు సరైనవే. ఎంతమందిని ఎక్కిస్తారు? లైఫ్ జాకెట్లు ఎక్కడ ఉన్నాయి? నడిపేవాడికి లైసెన్సు ఉందా? ఇవే ప్రశ్నలు మీరు బోటు కంపెనీని అడిగి, వచ్చిన జవాబులు ఆవిడ చేతిలో పెట్టండి.

అడగడం తేలికే. ఆస్ట్రేలియాలో డబ్బులు తీసుకుని మనుషుల్ని తిప్పే ఏ పడవైనా జాతీయ సముద్ర భద్రతా సంస్థ, అంటే ఆమ్సా, కింద కమర్షియల్ నౌకగా నడవాలి. పడవకు సర్వే సర్టిఫికెట్, నడిపే కంపెనీకి ఆపరేషన్ సర్టిఫికెట్ ఉండాలి. 12 మందికి మించి ప్రయాణికుల్ని తీసుకెళ్ళే పడవలు వేరే తరగతిలోకి వస్తాయి, వాటికి నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. సర్టిఫికెట్ కాపీ పంపమంటే మంచి కంపెనీ అదే రోజు పంపుతుంది. 'అదంతా మేము చూసుకుంటాంలెండి' అంటే ఇంకొకరి దగ్గరకు వెళ్ళండి. మన వాట్సాప్ గ్రూపుల్లో 'మా ఫ్రెండ్‌కి బోటు ఉంది, చవగ్గా ఇస్తాడు' అని వచ్చే మెసేజీల జోలికి అసలు పోవద్దు. సొంత సరదాకి కొనుక్కున్న బోటులో డబ్బు తీసుకుని 45 మందిని ఎక్కించడం చట్టవిరుద్ధం. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కూడా నిలబడదు.

బయల్దేరే ముందు సిబ్బంది భద్రత గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెబుతారు. మీ ఇంట్లో ఒకరు పక్కన నిలబడి అదే తెలుగులో చెప్పండి. చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో ముందే అడిగి పెట్టుకోండి. కావాలంటే అమ్మగారు మొదటి నుంచి చివరి దాకా జాకెట్ వేసుకునే కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. పట్టుచీర మీద జాకెట్ ఫొటోల్లో బాగోదని మాత్రం ఎవరినీ అననివ్వకండి.

ఇప్పుడు మోకాలు. అందరూ బోటు ఫొటోలు చూసి బోటు ఎంచుకుంటారు. మీరు మాత్రం ముందు రేవు చూడండి. సిడ్నీ హార్బర్‌లో ఆటుపోట్ల తేడా ఒక్కోసారి ఒకటిన్నర మీటరు దాటుతుంది. కదలని పాత రేవు దగ్గర, పోటు మీద ఉన్నప్పుడు డెక్ మీ కాలికి సమంగా ఉంటుంది, ఆటు వచ్చాక అదే డెక్ నడుము లోతున దిగిపోతుంది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కి, దిగేటప్పుడు నలుగురు పట్టుకుని పైకి లాగాల్సిన పరిస్థితి వస్తుంది. నీళ్ళతో పాటు లేచి దిగే పాంటూన్ ఉన్న రేవు అయితే ఆ బాధ లేదు. డెక్ ఎత్తు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అందుకే కంపెనీతో మీ మొదటి మాట ధర గురించి కాకూడదు. 'మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఏ రేవులో ఎక్కిస్తారు, ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు, ఆ సమయానికి ఆటా పోటా' అని అడగండి. బోటు రేవులో ఆగి ఉన్నప్పుడు ఒకసారి వెళ్ళి చూస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. చూడ్డానికి అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి.

వెళ్ళినప్పుడు టాయిలెట్ ఎక్కడుందో చూడటం మర్చిపోవద్దు. ఇది చాలామంది అడగడానికి మొహమాటపడే విషయం. అందమైన మోటార్ యాట్‌లలో చాలాసార్లు టాయిలెట్ కింద ఉంటుంది. నిలువుగా, ఇరుకుగా ఐదారు మెట్లు. పడవ కదులుతుండగా, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కొత్త మోకాలితో ఆ మెట్లు దిగడం అయ్యే పని కాదు. అందుకని పెద్దవాళ్ళు ఉదయం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, మనకి చెప్పరు కూడా. కూర్చునే మట్టంలోనే, ప్రధాన డెక్ మీదే టాయిలెట్ ఉన్న బోటు కావాలని గట్టిగా అడగండి. ఇన్ని కోణాల్లో చూస్తే మీకు పనికొచ్చేది పెద్ద క్యాటమరాన్. రెండు పొట్టల పడవ కాబట్టి వెడల్పుగా ఉంటుంది, తక్కువ ఊగుతుంది, కూర్చునే చోటంతా దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. తెరచాప పడవ గాలికి ఒక పక్కకి ఒరుగుతుంది. అది కుర్రవాళ్ళకి సరదా, మీకు వద్దు.

దారి విషయంలో నా సొంత అనుభవం చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా అమ్మ వచ్చినప్పుడు మేమూ ఇలాగే పడవ మాట్లాడాం. మాన్లీ వైపు స్టోర్ బీచ్ దాకా వెళ్దామని నేనే పట్టుబట్టాను. హార్బర్ లోపల ఉన్నంతసేపు అమ్మ అందరికీ తాంబూలాలు ఇస్తూ తిరిగింది. హార్బర్ ముఖద్వారంలో నార్త్ హెడ్, సౌత్ హెడ్ అనే రెండు కొండకొమ్ముల మధ్య నుంచి సముద్రపు అల లోపలికి వచ్చే చోటు ఒకటుంది. అక్కడికి చేరగానే పడవ నెమ్మదిగా, లోతుగా ఊగడం మొదలైంది. అమ్మ ఒక కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. తిరిగి వచ్చేదాకా తెరవలేదు. ఆ రోజు ఫొటోల్లో అమ్మ కళ్ళు తెరిచి ఉన్నది మొదటి గంటలో తీసినవే. పడవ వాళ్ళు అడిగిన చోటికి తీసుకెళ్ళారు, అంతే. నేను అడగకుండా ఉండాల్సింది.

కాబట్టి మీరు టరోంగా జూ పక్కనున్న బ్రాడ్లీస్ హెడ్ అనే కొమ్ము దాటకండి. మీకు కావలసినవన్నీ ఇవతలే ఉన్నాయి. డార్లింగ్ హార్బర్‌లోని కింగ్ స్ట్రీట్ వార్ఫ్‌లో ఎక్కి, బారంగారూ చుట్టి, హార్బర్ బ్రిడ్జి కింద నుంచి ఓపెరా హౌస్ ముందుకు, ఫోర్ట్ డెనిసన్ పక్కగా వెళ్ళి ఎక్కడైనా లంగరు వేయండి. లంగరు ఎక్కడ అన్నది గాలిని బట్టి ఉంటుంది. వేసవిలోనూ మార్చిలోనూ మధ్యాహ్నం దాటాక ఇక్కడ ఈశాన్యపు గాలి లేస్తుంది. ఆ గాలికి టరోంగా జూ కింద ఉన్న ఆథల్ బే మంచి చాటు. అక్కడి నుంచి బ్రిడ్జి, ఓపెరా హౌస్ రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. గాలి దక్షిణం నుంచి ఉంటే అవతలి, దక్షిణపు ఒడ్డున ఏదైనా చాటు మేలు. ఏది అన్న నిర్ణయం ఆ రోజు స్కిప్పర్‌కి వదిలేయండి. 'మాకు ప్రదేశం ముఖ్యం కాదు, నీళ్ళు కదలని చోటు ముఖ్యం' అని ముందే చెబితే ఆయనకీ సులువు.

నాలుగు గంటలు అక్కర్లేదు. భయపడే మనిషికి, ఆపరేషన్ అయిన కాలికి మూడు గంటలు చాలు. కనీసం మూడు గంటలకు ఇచ్చే బోట్లు ఉన్నాయి. బోటు వాళ్ళు శనివారం నాలుగు గంటలే అంటే ఆదివారమో శుక్రవారం సాయంత్రమో అడిగి చూడండి. మిగిలిన గంట డబ్బు పెద్ద బోటు మీద పెట్టండి. మార్చి మధ్యలో ఇక్కడ పొద్దు ఏడు దాటిన కాసేపటికి గుంకుతుంది. నాలుగుంబావుకి ఎక్కి ఏడుంబావుకి దిగేలా పెట్టుకుంటే, తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు బ్రిడ్జి వెనక ఉంటాడు.

ఆ బ్రిడ్జి దగ్గర నాన్నగారిని ముందు వైపు నిలబెట్టండి. 1932 మార్చి 19న తెరిచిన వంతెన అది. మీ వేడుక కూడా దాదాపు ఆ రోజులకే వస్తోంది. కమాను పొడవు 503 మీటర్లు, కింద నౌకలు వెళ్ళడానికి వదిలిన ఎత్తు 49 మీటర్లు. పైన కార్లతో పాటు రైళ్ళూ నడుస్తాయి. మీ అదృష్టం బాగుంటే మీరు కింద ఉండగానే పైన రైలు వెళ్తుంది. హేవ్‌లాక్ వంతెన, రోడ్డు కం రైలు వంతెన, ఆర్చ్ వంతెన మూడూ చూస్తూ బతికిన రైల్వే మనిషికి ఆ చప్పుడు కింద నుంచి వినడం ఎలా ఉంటుందో నేను ఊహించగలను. స్కిప్పర్‌ని అక్కడ వేగం తగ్గించమని ముందే అడగండి, పాటలు ఆపేయండి.

పూజ మాత్రం పడవ మీద పెట్టుకోవద్దు. హోమం సంగతి సరే, హారతికి వెలిగించే కర్పూరం కూడా పడవల మీద ఒప్పుకోరు. ఫైబర్‌గ్లాస్, ఇంధనం, గాలి మూడూ ఉన్న చోట నిప్పు వద్దనడం న్యాయమే. పైగా సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉండగా, మాంగల్యధారణ నీళ్ళ మీద హడావిడిగా ఎందుకు? తంతు అంతా ముందు రోజో, అదే ఉదయమో గుళ్ళోనో ఇంట్లోనో స్థిమితంగా జరిపించండి. అదే రోజైతే మధ్యలో అమ్మగారు రెండు గంటలు కాళ్ళు చాపుకుని పడుకునే వీలుండాలి. హెలెన్స్‌బర్గ్ నుంచి మీ ఇంటికి, ఇంటి నుంచి రేవుకి అంటే రోజంతా కార్లోనే అయిపోతుంది. నా మాట వింటే ముందు రోజే మేలు. పడవ మీద దండలు మార్పించండి, అక్షతలు వేయండి, కేకు కోయించండి. అక్షతలు, పూలరేకులు, బెలూన్లు నీళ్ళలో పడితే మాత్రం చెత్త వేసినట్టే లెక్క. కాబట్టి అక్షతలు లోపలి గదిలో వేయండి, బెలూన్లు మానేయండి. పసుపు, కుంకుమ చిన్న మూతల డబ్బాల్లో ఉంచండి. ఆ పడవల్లో మెత్తలన్నీ తెల్లగా ఉంటాయి. వాటి మీద పసుపు చెయ్యి పడితే క్లీనింగ్ చార్జీ మీ డిపాజిట్ నుంచి పోతుంది.

భోజనం విషయంలో మొదటి ప్రశ్న: బయటి క్యాటరింగ్‌ని రానిస్తారా, రానిస్తే దానికి చార్జీ ఎంత? కొందరు తలకి ఇంత అని వేస్తారు. మన వంటకి ఒప్పుకునే బోటు దొరికితే, ఊగినా ఒలకని వంటలు పెట్టండి. పులిహోర, దద్ధోజనం, గారెలు, బొబ్బట్లు, బజ్జీలకు బదులు కట్‌లెట్లు. సాంబారు, రసం, గోంగూర, నూనె తేలే కూరలు ఇంట్లో విందుకి ఉంచుకోండి. పడవ మీద వేపుళ్ళు కుదరవు, కొన్నిటిలో వేడి చేయడానికి చిన్న ఓవెన్ తప్ప ఏమీ ఉండదు. ఇక్కడి ఆహార నియమాల ప్రకారం వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 5 డిగ్రీల లోపు ఉంచాలి. ఈ రెంటి మధ్యలో నాలుగు గంటలు దాటినవి పారేయాలి. దద్ధోజనం ఐస్ పెట్టెలో తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళకి భోజనం లంగరు వేసిన తర్వాతే వడ్డించండి, కదిలే పడవలో వద్దు.

డబ్బు సంగతి. గంటకు 900 చొప్పున నాలుగు గంటలకు 3,600 అనుకున్నారు. బిల్లు అక్కడ ఆగదు. రేవుకి పడవ తగిలిన ప్రతిసారీ రేవు చార్జీ ఉండొచ్చు. వడ్డించే సిబ్బందికి వేరే, క్యాటరింగ్ చార్జీ వేరే, క్లీనింగ్, డిపాజిట్, కార్డు చార్జీ వేరే. జీఎస్టీతో కలిపిన మొత్తం ధరే చూపాలని ఇక్కడి వినియోగదారుల చట్టం చెబుతుంది. కాబట్టి 'ఇంత మందికి, ఇన్ని గంటలకి, ఈ రేవు నుంచి, మా భోజనంతో, ఇంతకు మించి ఏమీ ఉండదు' అన్న ఒక్క అంకె ఈమెయిల్లో తెప్పించుకోండి. ఒకే బోటు నాలుగు వెబ్‌సైట్లలో నాలుగు ధరలకు కనిపిస్తుంది, ఎందుకంటే మధ్యలో బ్రోకర్లు ఉంటారు. బోటు పేరు పట్టుకుని యజమాని కంపెనీని నేరుగా అడగండి. డబ్బు కార్డు మీదే కట్టండి, నగదు ఇవ్వొద్దు.

వాన గురించి షరతులు రెండుసార్లు చదవండి. మామూలుగా వాన పడితే రద్దు ఉండదు. గాలి ప్రమాదకరంగా ఉందని స్కిప్పర్ తేల్చినప్పుడే ప్రయాణం ఆపుతారు. అప్పుడు డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో తేదీ ఇస్తారా అన్నది తేడా. అమ్మానాన్నలు వీసా అయిపోయి వెళ్ళిపోయాక వచ్చే తేదీ మీకు ఎందుకు? అది రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇక్కడ దక్షిణపు గాలి దెబ్బ తెలిసిందే కదా, ఎండ మండుతుండగా నిమిషాల్లో పది డిగ్రీలు పడిపోతుంది. శాలువాలు బుట్టలో పెట్టుకెళ్ళండి. తెరలు దించి మూసుకునే వీలున్న పక్కలు, పైన కప్పు ఉన్న బోటే తీసుకోండి.

రేవుకి చేరడం దగ్గర మన వాళ్ళతో ఇబ్బంది ఉంటుంది. ఇంకో పడవ వెనకే వేచి ఉంటుంది కాబట్టి రేవులో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. 'ఎం4 మీద ట్రాఫిక్‌లో ఉన్నాం, ఐదు నిమిషాలు' అన్నవాళ్ళ కోసం ఆగరు. మీ సమయం మీరు ఎక్కక ముందే మొదలవుతుంది. అందరికీ మూడున్నర అని చెప్పండి. కింగ్ స్ట్రీట్ వార్ఫ్‌లో రేవులకు నంబర్లు ఉంటాయి, ఆ నంబరు ఆహ్వానంలో పెద్దగా రాయండి. మీ వైపు వాళ్ళు టల్లవాంగ్‌లో కారు పెట్టి మెట్రో ఎక్కితే బారంగారూ స్టేషన్లో దిగి నీళ్ళ పక్కనే నడిచి రావచ్చు. ప్యారమట్టా వాళ్ళు వినియార్డ్‌లో దిగాలి. అమ్మానాన్నలని మాత్రం కార్లో రేవు దగ్గరే దించండి. హీల్స్ చాలా పడవల్లో ఒప్పుకోరు. అమ్మగారికి జారని అడుగున్న మెత్తటి చెప్పులు వేయించండి, సాక్స్‌తో నడవనివ్వకండి.

పిల్లలు ఈత కొడతామంటారు. వద్దని మొదటి రోజే చెప్పేయండి. వెచ్చటి నెలల్లో హార్బర్‌లోకి బుల్ షార్కులు వస్తాయి. 2024 జనవరిలో ఎలిజబెత్ బేలో ఒకావిడను షార్క్ కరిచింది. ఏడుగురు పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్ళని పేరుపెట్టి అప్పగించండి. 'అందరూ చూస్తారులే' అంటే ఎవరూ చూడరు.

మీ తమ్ముడి మాట కొట్టిపారేయకండి. ఆయన చెప్పిన ఫెర్రీతోనే మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం అమ్మగారిని సర్క్యులర్ కీ నుంచి టరోంగా జూ ఫెర్రీ ఎక్కించండి. పన్నెండు నిమిషాల ప్రయాణం, మీరు లంగరు వేయాలనుకునే నీళ్ళ పక్కకే వెళ్తుంది. కింది అంతస్తులో, మధ్యలో, ముందుకు చూసే సీట్లో కూర్చోబెట్టండి. పక్కన మీరు కూర్చోండి, ఫోన్ తీయకండి. కళ్ళు తిరగకుండా మాత్ర వేయాలంటే బీపీ మందులతో పడుతుందో లేదో ముందే డాక్టర్‌ని అడగండి. తిరిగొచ్చాక 'ఎలా ఉందమ్మా' అని ఒక్కసారే అడిగి ఊరుకోండి. ఆవిడ రెండో పూట తనంతట తానే ఆ ప్రయాణం గురించి మాట్లాడితే పెద్ద బోటుకి అడ్వాన్సు కట్టండి. మాట్లాడకపోతే వేడుక ఒడ్డున, నీళ్ళు కనిపించే హాల్లో పెట్టుకుని, నాన్నగారిని మీరూ తమ్ముడూ ఫెర్రీ మీద బ్రిడ్జి చూపించడానికి తీసుకెళ్ళండి. ఏ సంగతైనా ఆదివారం తర్వాత నాకు ఒక ఉత్తరం రాయండి.